కొప్పు: ముడి వేసిన చేయి

తెలుగు కావ్యములలో స్త్రీల కురులకు దక్కిన స్తుతి తక్కువది కాదు. తుమ్మెదలు, మేఘములు, చీకట్లు, నెమలిపురులు మున్నగు ఉపమానములన్నియు వానికి సమర్పింపబడినవి. నాయికను నఖశిఖపర్యంతము వర్ణించుట ప్రబంధధర్మమైన కాలమున, కురుల పద్యము లేని కావ్యము అరుదు. అయినను ఆ పద్యములను వరుసగా చదువు పాఠకునకు ఒక కొరత తోపక మానదు. కురులు విడివడియున్నప్పుడు కవి చూచెను. పూలు తురిమియున్నప్పుడు చూచెను. జడయై వీపున వ్రేలాడునప్పుడు చూచెను. ఆ కురులనే చేతులెత్తి పోగుచేసి, మెలివేసి, చుట్టి, జారిపోకుండ నిలిపిన క్షణమును మాత్రము చూచిన కవులు కొందరే. కవికి కొప్పు సిద్ధవస్తువు. అది ఒక పని యనియు, ఆ పనికి ఒక కర్త కలదనియు అతడు తరచుగ మరచెను.

ఈ మరపు చిన్నదిగ కనబడవచ్చును. కాని “ఈ ముడి వేసిన చేయి ఎవరిది?” అను ప్రశ్నను దగ్గర నుంచుకొని పూర్వకావ్యములను తిరిగి చదివినచో, కవులు స్త్రీని చూచిన దృష్టిలోని భేదములు స్పష్టమగును. నేటి రచయిత చేయవలసిన పనియు కొంత తెలియును.

భాష ఈ విషయమున కవులకంటె జాగరూకమైనది. ధమ్మిల్లము, కబరి, వేణి, కేశపాశము అను సంస్కృతపదములు కావ్యములలో హెచ్చు. తెలుగున కొప్పు, తురుము, కీల్గంటు, సిగ, క్రొమ్ముడి, వేలుముడి కలవు. నిఘంటువులో ఇవి ఇంచుమించు పర్యాయపదములే. వాడుకలో అట్లు కాదు. తురుము అన్నపుడు పూవును తురుముట స్ఫురించును. ముడి, గంటు అన్నపుడు బంధము స్ఫురించును. వేలుముడి అన్నది మరింత విశేషమైన మాట. అందు దువ్వెన లేదు, అద్దము లేదు, సూది లేదు, వ్రేళ్ళే సాధనము. నీళ్ళు పోసికొని వచ్చిన స్త్రీ, పనికి వంగబోవు స్త్రీ అప్పటికప్పుడు వేసికొను ముడి అది. ఆ మాటలోనే చేయి కలదు. ఇక కొప్పు అను మాట ఇంటి పైకప్పు శిఖరమునకును చెల్లును. ఇంటికొప్పు రెండువైపుల వాలును కలిపి పట్టి నిలుపును. తలమీది కొప్పును రెండువైపుల కురులను కలిపి పట్టి నిలుపును. ఈ పోలికను కల్పించినవాడు ఏ కవియు కాదు, జనుల వాడుకయే.

సామెతలును ఇట్లే సూక్ష్మములు. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినను అందమే అను సామెతలో కొప్పు పెట్టునది ఆ అమ్మయే. ఏ కొప్పు పెట్టవలెనో నిశ్చయించునదియు ఆమెయే. రెండు కొప్పులు ఒకచోట ఇమడవు అను సామెతలో ఆడువారిమీద పరిహాసము లేకపోలేదు. కాని అందును కొప్పు అనగా అలంకారము కాదు. ఇంటిపై అధికారము గల మనిషి. దీనికి ప్రతిగా, ‘జుట్టు చేతికిచ్చుట’ అనగా పరాధీనమగుట. ‘సిగపట్లు’ అనగా కలహము. ఈ నుడికారములనన్నిటిని కలిపి చూచినచో జనుల తలంపు తేటపడును. విడిచిన జుట్టు పరుని చేతికి చిక్కగలదు. ముడిచిన జుట్టు తనదిగ నుండును. కొప్పు భద్రముగ నుండుట అనగా శిరస్సు స్వాధీనముగ నుండుట.

ఈ తలంపుతో చూచినచో ద్రౌపది కథ కొప్పు కథలన్నిటికిని మూలమువంటిది. దుశ్శాసనుడు సభకు ఈడ్చునపుడు పట్టినది ఆమె కురులనే. ఉద్యోగపర్వమున కృష్ణుడు రాయబారమునకు బయలుదేరబోవగా, ద్రౌపది తన కురులను తన చేతనే పట్టి చూపి, సంధి మాటలాడునపుడు వీనిని మరువవలదని చెప్పును. తిక్కన ఈ ఘట్టమును తెలుగు చేసిన తీరు తెలుగు పాఠకులకు కంఠస్థము. అచట కురులు సౌందర్యవస్తువులు కావు, సాక్ష్యము. వానిని పట్టి చూపుచున్న చేయి ఆమెదే. శత్రువు పట్టిన జుట్టును తానే తిరిగి పట్టుకొనుటలో ఆ ఘట్టముయొక్క బలమంతయు కలదు.

భట్టనారాయణుని ‘వేణీసంహారము’ సంస్కృతమున ఈ కథను మరియొక త్రోవ పట్టించెను. నాటకము పేరే జడ ముడియుట. శత్రురక్తముతో తడిసిన చేతులతో భీముడు ఆమె కురులను ముడియుట అందలి ఫలము. ఆ నాటకము వీరరసమునకు పేరుగన్నది. రంగస్థలముపై దాని పట్టు కాదనరానిది. కాని ద్రౌపది అందు వేచియుండునది మాత్రమే. విప్పినవాడు ఒక పురుషుడు, ముడియువాడు ఇంకొక పురుషుడు. భారతమున తన కురులను తాను ఎత్తి చూపిన స్త్రీ, నాటకమున తన తలను మరియొకని చేతికి అప్పగించినది.

కాళిదాసు ‘మేఘదూతము’న యక్షపత్ని వేణియు ఇట్టిదే. వియోగము నాడు కట్టిన ఏకవేణిని శాపాంతమున భర్తయే విప్పవలెను. ఆ కల్పన మిక్కిలి కోమలము. అయినను ముడియు విప్పును భర్త రాకపోకలను సూచించు గురుతులుగ మారినవి. వాల్మీకి చూచిన ఏకవేణి వేరు. అశోకవనమున సీత ప్రాణత్యాగమునకు సిద్ధపడి తన జడనే ఉరిత్రాడుగ తలచును. అది భయంకరమైన తలంపు. కాని ఆ జడపై హక్కు ఆమెకు తప్ప వేరెవ్వరికిని లేదని ఆదికవి ఎరిగినట్లు మరియొకరు ఎరుగరు.

తెలుగు ప్రబంధములకు వచ్చినచో, ఒకే ఆస్థానమునకు చెందిన రెండు కావ్యములు ఈ ప్రశ్నకు రెండు సమాధానములిచ్చును. నంది తిమ్మన ‘పారిజాతాపహరణము’న కథ అంతయు ఒక పువ్వునుండి పుట్టినది. నారదుడు తెచ్చిన పారిజాతము కృష్ణుని చేతినుండి రుక్మిణికి చేరును. ఆ వార్త విని సత్యభామ అలుగును. ఇచట కొప్పు భర్త ఆదరమునకు కొలత. ఎవరి తలను పువ్వు అలంకరించినది అను విషయమే ముఖ్యము. తిమ్మన పలుకు తీయదనము, సత్య స్వభావచిత్రణము వేయి విధముల మెచ్చదగినవి. కాని ఆ పోటీలో గెలిచిన తలయు ఓడిన తలయు తమ విలువను బయటినుండియే పొందుచున్నవి.

కృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లో చెప్పిన కథ దీనికి భిన్నము. గోదాదేవి స్వామికై తండ్రి కట్టిన దండను రహస్యముగ తాను ధరించి, తోటబావి నీటిలో తన నీడను చూచుకొని, మరల దానిని బుట్టలో నుంచును. కావ్యమునకు పేరు వచ్చినది ఈ పనినుండియే. చూచువారెవరును లేరు. ముడిచినది తానే, చూచుకొన్నది తానే, విప్పినది తానే. ఆ తరువాత ఆ దండయే స్వామికి ప్రియమైనది. స్త్రీ ఒంటరిగ తన తల తాను సవరించుకొనుటను రాయలు ఒక మహాకావ్యమునకు బీజము చేసెను. ప్రబంధయుగమున ఇంతకంటె సాహసమైన కల్పన వెదకిన దొరకుట కష్టము. ఆ యుగముననే లేపాక్షి వీరభద్రాలయపు కప్పుమీద చిత్రకారులు రకరకముల కొప్పులను శ్రద్ధతో వ్రాసిరి. కొప్పు ఎట్లు చుట్టబడునో చిత్రకారునకు తెలియక తప్పదు. కవికి తెలియకున్నను పద్యము నడచును.

కూచిపూడి ‘భామాకలాపము’న సత్యభామ జడ ఒక సవాలు. తనకు సాటివారెవరని అడుగుటకు ఆమె జడను ముందుకు తెచ్చును. అది దర్పముగల స్త్రీ చిహ్నము. అయితే చిరకాలము ఆ జడను ధరించి రంగముపై నిలిచినవారు పురుషులు. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామ పాత్రకు తెచ్చిన కీర్తి జగద్విదితము. అది కళాసిద్ధియే, అందు సందేహము లేదు. కాని జడను జడగ చూపుటకును, దానిని ప్రతిదినము వేసికొను మనిషిని చూపుటకును నడుమగల దూరము ఇచటను కనబడుచున్నది.

ముడి విలువ, అది తీసివేయబడినచోట మరింత తెలియును. కొన్ని కులములలో భర్త పోయిన స్త్రీకి శిరోముండనము చేయించు ఆచారము చిరకాలము సాగెను. అచట ఆమె తలపై పనిచేసిన చేయి మంగలిది. ఆజ్ఞ ఇంటి పెద్దలది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము జరిపించిన మొదటి వితంతు వివాహమును సంఘసంస్కార చరిత్రలో ఒక ఘట్టముగ చెప్పుట పరిపాటి. ఆ స్త్రీల వైపునుండి చూచినచో, ఆ ఉద్యమము తన తలపై తనకు హక్కు తిరిగి వచ్చుటకును సంబంధించినది. ముడివేసికొనుటకు కురులుండుట కొందరికి అయాచితముగ లభించిన భాగ్యము. కొందరికి పోరాడి సంపాదించిన హక్కు.

ఇంతవరకు చెప్పినది కావ్యములలోని కొప్పు. పనిచేయు స్త్రీ కొప్పును చూడవలెనన్నచో రాజాస్థానములను, ద్వారకను విడిచి రావలెను. ఆంధ్రదేశమునకు వెలుపల, నేటి ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే పట్టణము అందుకు తగిన చోటు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఆ ఊరిని కూడలిగ చేసెను. కలకత్తానుండి నాగపూరునకు పోవు ప్రధానమార్గమును, కట్నీకి పోవు మార్గమును అచట కలిసినవి. ఆ కంపెనీయే తూర్పుతీరమున విశాఖపట్టణ ప్రాంతమునందును నడచినది. 1931లో రాయపూర్–విజయనగరం మార్గము పూర్తియైనది. శ్రీకాకుళ, విజయనగర, విశాఖ ప్రాంతములనుండి కళాసీలు, ఫిట్టర్లు, ఫైర్‌మన్లు కుటుంబములతో ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్, రాయపూర్ మున్నగు ఊళ్ళకు పోయి స్థిరపడిరి. కంపెనీ 1944లో ప్రభుత్వపరమైనది. 1955లో ఆ మార్గములు దక్షిణ తూర్పు రైల్వేగ మారినవి. 2003లో బిలాస్‌పూర్ కేంద్రముగ దక్షిణ తూర్పు మధ్య రైల్వే పని ప్రారంభించినది. రాష్ట్రముల పేర్లును మారినవి. వలసపోయిన కుటుంబములు మాత్రము తరములుగ అచటనే నిలిచినవి.

బొగ్గుయంత్రముల కాలమున రైల్వే కాలనీలో గృహిణి దినచర్య తెలిసినవారికి కొప్పు ఎందులకో వేరుగ చెప్పనక్కరలేదు. షెడ్డునుండి మసి గాలిలో వచ్చును. తెల్లవారకమునుపే బొగ్గుల కుంపటి రాజవలెను. నీళ్ళు తేవలెను, తలపై బరువున్నపుడు చుట్టకుదురు సమముగ కూర్చుండవలెనన్నచో, కొప్పు నడినెత్తిని కాక మెడపై క్రిందుగ నుండవలెను. భర్త డ్యూటీకి రాత్రి ఏ వేళ పిలుపు వచ్చినను లేచి డబ్బా కట్టవలెను. మోకాళ్ళవరకు దిగిన జుట్టు అట్టి ఇంట వరము కాదు. నిప్పుకు అందకుండ, కన్నులకు అడ్డము రాకుండ, నడుము వంచినపుడు జారకుండ దానిని నిలుపుట ఒక విద్య.

ఆ విద్యకును శాస్త్రము కలదు. పొడుగు జుట్టును మొదట మెడపై పిడికిట బిగించి ఒకేవైపునకు మెలి త్రిప్పవలెను. మెలి బిగిసిన కొలది జుట్టు తనంతట తానే వలయముగ చుట్టుకొనును. కొనను వలయము క్రింద దోపుదురు. కొప్పు బరువును పిన్ను మోయునని కొత్తవారు భావింతురు. అది నిజము కాదు. బరువును మోయునది మెలిపడిన కురుల నడుమ రాపిడి. రెండు కాళ్ళ పిన్ను చేయునది కుట్టుపని వంటిది. దానిని కొప్పు అంచునుండి వెలికి చూచునట్లు దోపి, అంచున కొన్ని కురులను, తలమీది కొన్ని కురులను కలిపి పట్టి, పిమ్మట లోపలికి త్రిప్పి దింపవలెను. అట్లు ఎదురెదురుగ నాలుగు దిగినచో కొప్పు సాయంకాలమువరకు కదలదు. తిన్నగ గ్రుచ్చినచో పది దిగినను నిలువదు. అప్పుడే తలంటుకొన్న జుట్టు జారును. నూనె రాచి ఒక దినమైన జుట్టు మాట వినును. ఇట్టి చిన్న సంగతులు తల్లి కూతురి తలపై చేయి ఉంచి నేర్పునవి. గ్రంథములలో దొరకునవి కావు.

ఇందు సాహిత్య విమర్శకు పనియేమి యని అడుగవచ్చును. పని కలదు. బిలాస్‌పూర్ వంటి ఊరిలో పిల్లల చదువు ఎక్కువగ హిందీలో సాగును. ఇంటి తెలుగు వినికిడివలననే నిలుచును. అట్టి చోట భాషలో మొదట జారిపోవునవి పుస్తకపు మాటలు. కడపటివరకు నిలుచునవి చేతిపని మాటలు. ధమ్మిల్లము ఆ ఇంట ఎవరికిని తెలియనక్కరలేదు. కొప్పు, సిగ, సవరము, వేలుముడి తెలియును. ప్రక్కింటి ఛత్తీస్‌గఢీ స్త్రీ దానిని ఖోపా అనును. హిందీ మాటలాడువారు జూడా అందురు. బెంగాలీ కుటుంబమున ఖోంపా అందురు. కొప్పునకును ఖోపాకును గల ధ్వనిసామ్యము వినువారి చెవికి వెంటనే తోచును. అది చుట్టరికమో యాదృచ్ఛికమో నిర్ణయించుట భాషావేత్తల పని. నూతి యొద్ద నిలిచిన ఇద్దరు స్త్రీలు ఆ నిర్ణయమునకై వేచియుండకయే ఒకరి మాట నొకరు గ్రహింతురు.

ఈ పట్టణమునకు సాహిత్యమున ఒక గొప్ప చోటు ఇదివరకే కలదు. అది వంగసాహిత్యమున. రవీంద్రనాథ ఠాకూరు 1918లో ప్రకటించిన ‘పలాతక’ సంపుటిలోని ‘ఫాంకి’ అను కథాకవితలో బిలాస్‌పూర్ స్టేషను ప్రధానరంగము. జబ్బుపడిన భార్య బిను భర్తతో గాలిమార్పునకు పోవుచు, బండి మారుటకై అచట ఆరు గంటలు ఆగును. రైల్వే కూలీ భార్య రుక్మిణి తన కష్టము చెప్పుకొనగా, ఆమె కూతురి పెండ్లికి 25 రూపాయలు ఇమ్మని బిను భర్తను కోరును. భర్త ఆ కూలీ భార్యను చాటుగ బెదరించి 2 రూపాయలిచ్చి పంపి, భార్యతో అంతయు ఇచ్చితిననును. రెండు నెలలకు బిను మరణించును. పోవునపుడు, భర్తతో గడపిన ఆ కడపటి రెండు నెలలు వైకుంఠమున లక్ష్మి పాపటలోని సిందూరమువలె తన తలపై నిత్యముగ నిలుచునని చెప్పును. ఆ రెండు నెలలలో తన మోసమును కలిసియున్నదని భర్తకు అప్పుడు తెలియును. బాకీ తీర్చుటకు అతడు తిరిగి ఆ స్టేషనుకు వచ్చును. రుక్మిణి ఎచటికి పోయెనో చెప్పగలవారుండరు.

ఈ కవిత గొప్పతనము దాని శీర్షికలోనే కలదు. ఫాంకి అనగా మోసము, వెలితి. మరణించు భార్య తలపై నిలిచిన సిందూరమును భర్త మాట వెలితిపరచినది. కవి నిర్దాక్షిణ్యముగ ఆ భర్తచేతనే కథ చెప్పించెను. నూతి దరిని వరుసగ నున్న ఇండ్లను, అందుండు కూలీ కుటుంబమును దారిన పోవు బండి ప్రయాణికుని కంటితోనే చూపెను. ఆ కంటికి అంతకంటె కనబడదు. కవితకు కావలసినదియు అదియే. ఆ కొరతయే దాని విషయము. బిను పాపట కవితలో నిలిచినది. రుక్మిణి తల ఎట్లుండెనో, ఆ ఉదయము ఆమె జుట్టు ముడిచి పనికి ఎట్లు వచ్చెనో ఆ భర్త చూడలేదు. చూచినవాడైనచో 23 రూపాయలు దాచుకొనియుండడు.

ప్రయాణికుడు ఆరు గంటలలో చూచినది అట్టి మహాకవితయైనపుడు, ఆ నూతి దరినే తరములుగ నివసించినవారి కంటికి కనబడునది ఎంత ఉండవలెను? తెలుగువారు ఆ వరుస ఇండ్లలో ప్రయాణికులు కారు. వారికి రుక్మిణి ప్రక్కింటి మనిషి. వలసపోయిన తెలుగు కుటుంబముల కథ వ్రాయు రచయితకు ఇంతకంటె అనుకూలమైన స్థానము దొరకదు. కాని ఆ స్థానమున నిలిచి ప్రబంధపు కంటితో చూచినచో ప్రయోజనము లేదు. స్వదేశమును తలచి కన్నీరు పెట్టు నాయిక, గాలికి చెదరిన కురులు, వీపుపై జాలువారు జడ—ఇవి ఏ ఊరి కథకైనను అతికింపదగినవి. కావున ఏ ఊరికిని చెందవు.

నాలుగు పిన్నులు నోట కరచుకొని, రెండు చేతులు తలవెనుక నుంచి, బండి కూత విని గడియారమువంక చూచు స్త్రీ ఆ ఊరికి చెందినది. ఆ భంగిమలో సౌందర్యము లేదనువారు లేపాక్షి కప్పువంక మరల చూడవలెను. ఆమె వేసికొన్న ముడిలో భర్త రాకయు లేదు, పగయు లేదు, పోటీయు లేదు. ఆ దినపు పనికి తాను సిద్ధమన్న నిశ్చయము కలదు. ద్రౌపది తన కురులను తన చేత పట్టిననాడు, గోద బావినీటిలో తన తల తాను చూచుకొన్ననాడు మన కవులు ఈ నిశ్చయమును గుర్తించిరి. ఆ గుర్తింపు రాజకుమార్తెలతోను దేవతలతోను ఆగిపోవుట సాహిత్యమునకు లోపము.

ఈ లోపమునకు వెల చెల్లించునది సాహిత్యమే. కాలనీ ఇంటిలో తెలుగు వినియే పెరిగిన బాలిక ఎన్నడో అక్షరములు కూడబలుకుకొని ఒక తెలుగు కథను చేతబట్టినచో, అందు ధమ్మిల్లము కనబడిన పుస్తకము మూసివేయును. వేలుముడి కనబడినచో అది తన తల్లి మాటయని ఆగి చదువును. ఆ బాలికను ఆపగల మాటలు భాషలో ఇంకను ఉన్నవి. వానిని వాడుటకు రచయిత కొప్పును వెనుకనుండి వర్ణించుట మాని, దానిని ముడుచుచున్న చేతులకు ఎదురుగ వచ్చి నిలువవలెను.